ఓస్తుని (దక్షిణ ఇటలీ), దాని కింది ఆలివ్ తోటలు: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహాలు కావాలి

సంచారి77

నమస్కారం అందరికీ. మేము మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్నలు సత్తెనపల్లి దగ్గరి మా ఊరి నుంచి వస్తున్నారు, వీసాలు వచ్చేశాయి. రోమ్ ఎలాగూ చూపిస్తాను కానీ నాన్న జీవితమంతా మిరప, పత్తి పండించిన మనిషి, చర్చిలూ విగ్రహాలూ ఒక పూట చూశాక ఆయనకి విసుగొస్తుంది, పొలం కనిపిస్తే మాత్రం కారు ఆపించి దిగుతారు. అందుకే పూల్యా ప్రాంతంలోని ఓస్తుని ఊరు, దాని కింద సముద్రం దాకా పరుచుకున్న ఆలివ్ తోటలు చూపించాలని ఉంది.

ఆగస్టు మంచిదా, నవంబరు మంచిదా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఊరేమో కొండ మీద. ఇద్దరూ మాంసం, చేప, గుడ్డు ముట్టరు. తోటల్లోకి బయటివాళ్ళని రానిస్తారా, లేక రోడ్డు మీద నుంచి చూసి రావడమేనా? ఇంకొకటి, అక్కడ ఆలివ్ చెట్లన్నీ ఏదో జబ్బుతో ఎండిపోతున్నాయని చదివాను. ఇప్పుడు వెళ్తే చూడటానికి ఏమైనా మిగిలిందా?

బారి_నుంచి_సౌమ్య

నవంబరుకే వెళ్ళండి అన్నా. ఆగస్టులో ఎండ మన గుంటూరు మే నెలంత కాకపోయినా పెద్దవాళ్ళకి కష్టమే, పైగా ఇటలీ మొత్తం సెలవుల మీద అక్కడే ఉంటుంది, గదుల అద్దెలు విపరీతంగా పెరుగుతాయి. అసలు కారణం అది కూడా కాదు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా ఆలివ్ కోతలు. చెట్ల కింద వలలు పరిచి ఉంటాయి, గానుగలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. మీ నాన్నగారు రైతు అంటున్నారు కాబట్టి పని జరిగే రోజుల్లో తీసుకెళ్ళండి, పని లేని తోట చూపించి ఏం లాభం.

నేను పూల్యా రాజధాని బారిలో మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేస్తున్నాను. జబ్బు గురించి వివరంగా రాయాలి, సాయంత్రం రాస్తాను. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్తాను: ఓస్తుని కింది మైదానంలో మహావృక్షాలు ఇంకా ఉన్నాయి, చూసి తీరాలి. ఏమీ మిగల్లేదన్నది ఇంకా దక్షిణాన ఉన్న సాలెంతో భాగానికి చాలావరకు నిజం.

రాళ్ళూ_రప్పలూ

ఊరి గురించి నేను చెప్తాను. ఓస్తుని బ్రిండిసి జిల్లాలో ఉంది, ఆడ్రియాటిక్ సముద్రం అక్కడికి 8 కిలోమీటర్లు. దాన్ని తెల్ల ఊరు అంటారు, ఎందుకంటే పాత ఊళ్ళో ఇళ్ళన్నిటికీ సున్నమే. సందులు చాలా ఇరుకు, వెలుతురు కింద దాకా రావాలంటే గోడ తెల్లగా ఉండాలి. అదీకాక 17వ శతాబ్దంలో ప్లేగు వచ్చినప్పుడు సున్నం రోగాన్ని ఆపుతుందని మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. మెట్లకీ, తోరణాలకీ, గోడలకీ పొరల మీద పొరలుగా వేసిన సున్నం వల్ల మూలలన్నీ మొద్దుబారి గుండ్రంగా అయిపోయాయి, దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమి చూడండి.

కింద లిబెర్తా చౌక్‌లో సంత్ ఒరోంత్సో స్తంభం ఉంది, 1771లో జుసెప్పే గ్రేకో అనే శిల్పి చెక్కాడు, ఎత్తు 20 మీటర్ల పైనే. ఊరిని ప్లేగు నుంచి కాపాడింది ఈ సంతుడేనని అక్కడివాళ్ళ నమ్మకం. ఆగస్టు 25 నుంచి 27 దాకా ఆయన ఉత్సవం, ఎర్ర దుస్తుల్లో గుర్రాల ఊరేగింపు. ఆగస్టులో వెళ్ళడానికి గట్టి కారణం అదొక్కటే, మీ ప్రయాణానికి మాత్రం సౌమ్య గారు చెప్పిన నవంబరే సరి. కొండ కొసన కేథడ్రల్, 15వ శతాబ్దపు గోథిక్ కట్టడం. ముందు గోడలో 24 ఆకుల చక్రంలాంటి పెద్ద కిటికీ ఉంటుంది, దాని ముందు కాసేపు నిలబడితే చాలు, లోపలికి వెళ్ళకపోయినా ఫర్వాలేదు.

అందరూ వదిలేసి వెళ్ళిపోయేది మ్యూజియం. 1991లో ఊరి బయట సంతా మరియా ది అన్యానో గుహలో దోనాతో కొప్పోలా అనే పురావస్తు పరిశోధకుడికి ఒక గర్భిణి అస్థిపంజరం దొరికింది. సుమారు 28,000 ఏళ్ళ నాటిది. కడుపులో బిడ్డ ఎముకలు కూడా అలాగే ఉన్నాయి, నెలలు దాదాపు నిండాయి. తలకి గవ్వల టోపీ పెట్టి పాతిపెట్టారు. ఆమెకి దేలియా అని పేరు పెట్టుకున్నారు. వ్యవసాయం అనేదే పుట్టకముందు ఒక ఆడపిల్లని అంత శ్రద్ధగా సాగనంపారు. మీ అమ్మగారికి తప్పకుండా చూపించండి. మ్యూజియం పాత ఊళ్ళోనే ఉంది.

మిలాన్_కుర్రాడు

రవాణా సంగతి అన్నా. బారి, బ్రిండిసి రెండు చోట్లా విమానాశ్రయాలున్నాయి, ఓస్తునికి బ్రిండిసి దగ్గర. బారి నుంచి లెచ్చే వెళ్ళే రైలు మార్గంలో ఓస్తుని స్టేషన్ వస్తుంది, ప్రాంతీయ రైళ్ళు ఆగుతాయి. అయితే స్టేషన్ కింద మైదానంలో ఉంది, ఊరు సుమారు 3 కిలోమీటర్లు పైన, లోకల్ బస్సు ఉంది కానీ ఆదివారాలు తక్కువ. కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో ముద్ర వేయించండి, లేకపోతే ఫైన్.

తోటలు చూడాలంటే కారు ఉండాల్సిందే. మీకు జర్మనీ లైసెన్స్ ఉంటే అదే సరిపోతుంది, ఇండియా లైసెన్స్‌తో నడిపేవాళ్ళకి మాత్రం అంతర్జాతీయ పర్మిట్ కావాలి. పాత ఊళ్ళ నడిబొడ్డుకి కార్లు నిషేధం, ప్రవేశం దగ్గర కెమెరాలుంటాయి, దాటితే నెలల తర్వాత ఇంటికి ఫైన్ వస్తుంది. కారు కిందే పెట్టేయండి. అమ్మగారి కోసం చౌక్ దగ్గర ‘ఆపే’ అనే ఆటోలు దొరుకుతాయి, మన ఊళ్ళలో తిరిగే అదే పియాజియో ఆపే, అది పుట్టిందే ఇటలీలో. పర్యాటకుల్ని ఎక్కించుకుని పైకి తీసుకెళ్తారు. వాన పడితే ఆ నున్నటి రాళ్ళు బాగా జారతాయి, అమ్మగారికి మంచి పట్టున్న బూట్లు తప్పనిసరి.

ఆవకాయ_అక్క

తమ్ముడూ, తిండి గురించి భయపడకు. పూల్యా పేదల వంట, అంటే పప్పూ ఆకుకూరా రొట్టే నూనే, మన ఇంటి తిండికి ఇటలీ మొత్తంలో దగ్గరది ఇదే అని నా అభిప్రాయం. ఫావె ఎ చికోరియా అని ఒకటి ఉంది. ఎండు బాకలా (ఒక రకం చిక్కుడు) గింజల్ని మెత్తగా పప్పులా ఉడికించి, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర పెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె ధారగా పోస్తారు. పప్పులో నెయ్యి పోసుకునే మనకి అది కొత్తగా ఏమీ అనిపించదు. ఫ్రిసెల్లె అంటే రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టె, నీళ్ళలో ముంచి తీసి టమాటా, ఉప్పు, నూనె వేసి తింటారు. పూర్వం పొలం పనికి వెళ్ళేవాళ్ళు కట్టుకెళ్ళిన చద్ది అది. బారి ఫొకాచ్చా అనే రొట్టె కూడా బాగుంటుంది.

జాగ్రత్తలు చెప్తాను విను. ఒరెక్కియెత్తె అనే చెవి ఆకారపు పాస్తాని రాపా ఆకుకూరతో చేస్తారు, శాకాహారమనే అనిపిస్తుంది కానీ అందులో చాలాచోట్ల అచ్చూగే అనే చిన్న చేప కరిగించి వేస్తారు. సెన్జా అచ్చూగే, సెన్జా కార్నే (అచ్చూగే వద్దు, మాంసం వద్దు) అని ముందే చెప్పాలి. చీజ్‌లలో చాలావాటికి పాలు విరిచేది దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోని పదార్థంతోనే, అమ్మానాన్నలకి అది పట్టింపైతే పెకొరీనో, బుర్రాతా వద్దు. తరాల్లి అనే కరకరలాడే చిన్న మురుకుల్లాంటివి అందరూ కొంటారు, వాటి పిండిలో వైన్ కలుపుతారు, అదీ చెప్పి పెట్టు. ఊరగాయ సీసా పెట్టెలో పడేసుకో.

అనంత_రైతుబిడ్డ

తోటల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ చెట్లకి నీళ్ళు పెడతారా? ఎకరానికి ఎన్ని? నిజంగా వెయ్యేళ్ళ చెట్టు కాయ కాస్తుందా, లేక చూపించడానికి ఉంచుకున్నారా? మాది వర్షాధారం, అందుకే అడుగుతున్నా.

బారి_నుంచి_సౌమ్య

కాస్తుంది అండి, కాసిన కాయ ఇప్పటికీ నూనె అవుతోంది. ఆ ప్రాంతంలో వాన ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువగా శీతాకాలంలో. పాత చెట్లు ఆ వానకే బతికాయి, వేసవంతా చుక్క లేకపోయినా. ఎర్ర నేల, కింద సున్నపురాయి. కొత్తగా దగ్గర దగ్గరగా వేసే తోటలకి డ్రిప్ పెడతారు కానీ పాత తోటల్లో చెట్టుకీ చెట్టుకీ మధ్య చాలా దూరం ఉంటుంది, వరస కూడా తిన్నగా ఉండదు. మన మామిడిలాగే ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తక్కువ కాపు.

వయసు ఎంతో కచ్చితంగా చెప్పడం కష్టం, ఎందుకంటే ముసలి ఆలివ్ మాను లోపల డొల్ల అయిపోతుంది, లెక్కపెట్టడానికి వలయాలు మిగలవు. రెండు వేల ఏళ్ళు అని బోర్డులు కనిపిస్తాయి, అది అంచనాయే అనుకోండి. ఒకే మాను కాలక్రమంలో చీలి రెండు మూడుగా విడిపోయి, మెలితిరిగి, మధ్యలో మనిషి దూరేంత ఖాళీతో నిలబడి ఉంటుంది, పైన మాత్రం పచ్చగా కొమ్మలు. పూల్యా ప్రభుత్వం 2007లో 14వ నంబరు చట్టం చేసింది, నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో మాను అడ్డుకొలత మీటరు దాటిన చెట్లని స్మారక వృక్షాలుగా నమోదు చేస్తారు. పెకలించడం, అమ్మడం కుదరదు. అంతకుముందు ఉత్తర ఇటలీ ధనవంతుల బంగళాల ముందు నాటడానికి లారీల్లో పట్టుకుపోయేవాళ్ళు.

ఓస్తుని, ఫసానో, మొనోపోలి, కరోవిన్యో ఊళ్ళ మధ్య కొండకీ సముద్రానికీ నడుమ ఉన్న మైదానాన్నే స్మారక ఆలివ్‌ల మైదానం అంటారు. 2024 జూన్‌లో జీ7 సమావేశం జరిగిందే, మన ప్రధాని కూడా అతిథిగా వెళ్ళారు, అది ఫసానో దగ్గర ఈ మైదానంలోనే. రోమన్ చక్రవర్తి ట్రాజన్ వేయించిన వియా ట్రయానా రోడ్డు ఈ తోటల గుండానే వెళ్ళింది. తోటల చుట్టూ సిమెంటు, మట్టి ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కనిపిస్తాయి, ఆ విద్యని 2018లో యునెస్కో గుర్తించింది. నాన్నగారు ఆ గోడల దగ్గర చాలాసేపు ఆగుతారని నా నమ్మకం.

లోపలికి వెళ్ళడం గురించి: కంచె లేదు కదా అని ఎవరి తోటలోకీ దూరకండి. మసేరియా అని కోట గోడలున్న పాత వ్యవసాయ బంగళాలుంటాయి, సముద్రపు దొంగల భయంతో అలా కట్టుకున్నారు. చాలావాటిలో ముందు మెయిల్ పెడితే తోట, గానుగ తిప్పి చూపించి నూనె రుచి చూపిస్తారు. రైతు వస్తున్నాడు, పని చూడాలనుకుంటున్నాడు అని రాయండి, వాళ్ళు మాట్లాడే తీరే మారిపోతుంది.

రాళ్ళూ_రప్పలూ

మసేరియాకి వెళ్తే నేల కింది గానుగ ఉందా అని అడగండి. నేను ఆ ప్రాంతంలో చూసినవాటిలో నన్ను బాగా కదిలించింది అదే. రాయిని తొలిచి నేల కింద గదులు చేశారు. చలికి ఆలివ్ నూనె గడ్డకడుతుంది, నేల కింద వెచ్చగా ఉంటుంది కాబట్టి నూనె పారుతుంది, అందుకని కింద. కళ్ళకి గంతలు కట్టిన కంచర గాడిద పెద్ద రాతి చక్రాన్ని తిప్పేది, నలిగిన ముద్దని నార చాపల మధ్య పేర్చి కొయ్య మరలతో నొక్కేవాళ్ళు. శీతాకాలం మొదలు వసంతం దాకా కూలీలు ఆ పొగలో, దీపం మసిలో, జంతువులతో పాటు అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్ళు.

ఆ నూనెలో చాలా భాగం తినడానికి కాదు. చెట్టు నుంచి తనంతట తాను రాలిన కాయని నేల మీద నుంచి ఊడ్చి తెచ్చేవాళ్ళు, అది పులిసి ఆమ్లం పెరిగి దీపానికే పనికొచ్చేది. దక్షిణాన గల్లీపొలి రేవు నుంచి ఓడల్లో లండన్ లాంటి నగరాలకి వెళ్ళి వీధి దీపాల్లో వెలిగింది. ఇంగ్లండ్‌లో ఎవరో రాత్రి నిశ్చింతగా నడవడానికి ఇక్కడ ఈ మనుషులు నెలల తరబడి పగటి వెలుగు లేకుండా బతికారు. గ్యాసు, కిరోసిన్ దీపాలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. గల్లీపొలిలో గ్రనాఫెయ్ భవనం కింద అలాంటి గానుగ ఒకటి చూడొచ్చు, ఒక రోజు మిగిలితే వెళ్ళండి, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పాత ఊరు అది.

ఆవకాయ_అక్క

గల్లీపొలి వైపు వద్దంటాను. లెచ్చే దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఎండిపోయిన చెట్లే, కిలోమీటర్ల కొద్దీ బూడిద రంగు మోళ్ళు. మేం పిల్లలతో వెళ్ళాం, మా అబ్బాయి ఆ సాయంత్రం ఏం తినలేదు. పంట పోవడం తెలిసిన మనిషికి, పెద్దాయనకి సెలవుల్లో అది చూపించడం ఎందుకు?

అనంత_రైతుబిడ్డ

అక్కా, నేను ఒప్పుకోను. పంట పోవడం తెలిసిన మనిషే అది చూడాలి. మా నాన్న అయితే అక్కడి రైతు చెయ్యి పట్టుకుని మాట్లాడకుండా కదలడు, భాష రాకపోయినా. పచ్చగా ఉన్నది మాత్రమే చూసి వచ్చేస్తే ఆ ఊళ్ళకి ఏమైందో ఎవరికి తెలుస్తుంది? వాళ్ళ నూనె కొనేవాళ్ళు, వాళ్ళ ఊళ్ళో భోజనం చేసేవాళ్ళు ఇప్పుడే కావాలి కదా.

నిజం_కావాలి

ఆ చెట్లు ఎండటానికి ఏదో బ్యాక్టీరియా కారణమన్న కథంతా రిసార్టుల కోసం భూములు ఖాళీ చేయించడానికి అల్లిందని అక్కడివాళ్ళే అంటారు కదా, శాస్త్రవేత్తల మీద కేసులు కూడా పెట్టారు. వెయ్యేళ్ళు బతికిన చెట్టు హఠాత్తుగా ఎందుకు చస్తుంది?

బారి_నుంచి_సౌమ్య

ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది, అందుకే పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పేరు జైలెల్లా ఫాస్టిడియోసా. 2013లో గల్లీపొలి దగ్గరి తోటల్లో ఆలివ్ మీద దీన్ని గుర్తించారు, బారి విశ్వవిద్యాలయం, ఇటలీ జాతీయ పరిశోధన మండలి వాళ్ళు. అమెరికా ఖండంలో ఇది పాత జబ్బు, కాలిఫోర్నియా ద్రాక్షని నాశనం చేసిన బ్యాక్టీరియా ఇదే జాతి. పూల్యాకి వచ్చిన రకం కోస్టారికా నుంచి అలంకరణ కోసం దిగుమతైన కాఫీ మొక్కలతో వచ్చి ఉంటుందని జన్యు విశ్లేషణలు చూపిస్తున్నాయి. మానులో నీరు పైకి ఎక్కే గొట్టాల్లో చేరి వాటిని మూసేస్తుంది. ఆకు కొసల నుంచి మాడటం మొదలై, రెమ్మ, కొమ్మ, చివరికి చెట్టు. దాహంతో చావడమే అది. చెట్టు నుంచి చెట్టుకి మోసేది నురుగు పురుగు, వసంతంలో గడ్డి మీద ఉమ్మిలాంటి నురుగులో దాని పిల్లలుంటాయి. అందుకే అప్పుడే కలుపు దున్నేయమంటారు. మందు లేదు. వెయ్యేళ్ళు బతికిన చెట్టు ఎందుకు చచ్చిందంటే ఆ వెయ్యేళ్ళలో ఈ శత్రువు దాని నేల మీద అడుగు పెట్టలేదు కాబట్టి.

కేసు సంగతి నిజమే. జబ్బు చెట్లని, వాటి పక్క చెట్లని కొట్టేసి ఒక అడ్డుగోడలా ఖాళీ చెయ్యాలన్నది పథకం. 2015 డిసెంబరులో లెచ్చే ప్రాసిక్యూటర్లు నరకడం ఆపించి కొందరు అధికారుల్నీ శాస్త్రవేత్తల్నీ నిందితులుగా చేర్చారు. 2019లో ఏమీ తేలక ఆ కేసు మూసేశారు. ఆ మధ్యలో బ్యాక్టీరియా ఉత్తరానికి నడిచింది. తాత నాటిన చెట్టుని నరకనివ్వనని అడ్డం పడ్డ రైతుని నేను తప్పుపట్టను, ఆ కోపం నాకు అర్థమవుతుంది. పుకారు పుట్టించి ఆ కోపాన్ని వాడుకున్నవాళ్ళ మీదే నా కోపం. ఇప్పటిదాకా పోయిన, జబ్బు పడ్డ చెట్లు రెండు కోట్లకి పైనే అని అంచనా, పూల్యాలో మొత్తం సుమారు 6 కోట్లు ఉండేవి.

ఓస్తుని పరిసరాల్లోనూ జబ్బు ఉంది. అందుకే ఇప్పుడే వెళ్ళమంటున్నాను. అక్కడి పాత చెట్లు ఎక్కువగా ఒల్యరోలా రకం, దానికి తట్టుకునే శక్తి లేదు. లెచ్చీనో, ఎఫ్ఎస్-17 అనే రెండు రకాలు తట్టుకుంటున్నాయి. కొన్నిచోట్ల ముసలి మాను మీద లెచ్చీనో అంటు కట్టి కాపాడే ప్రయత్నం జరుగుతోంది. నాన్నగారికి అంటు కట్టడం తెలిసే ఉంటుంది, ఆ పని చూపించమని అడగండి. దక్షిణాన కూడా ఎండిన తోటల పక్కన కొత్త మొక్కలు లేస్తున్నాయి, కాబట్టి రైతుబిడ్డ గారి వైపే నేను. ఒక పూట చూసి వచ్చేయండి అక్కా, పిల్లలతో అయితే వద్దులెండి.

ఒక్క విన్నపం: జ్ఞాపకంగా ఉంటుందని కొమ్మ గానీ మొక్క గానీ తెంపి సంచిలో వేసుకోవద్దు, ఇండియాకి అసలే వద్దు. ఈ విపత్తు మొదలైంది ఒక కుండీ మొక్కతోనే.

నిజం_కావాలి

2019లో కేసు మూసేసిన సంగతి నాకు ఎక్కడా కనబడలేదు. వివరంగా చెప్పినందుకు థాంక్స్ అండి.

మిలాన్_కుర్రాడు

నూనె ఎలా తెచ్చుకోవాలి, ఎలాంటిది కొనాలి అక్కా? నేనూ వెళ్ళాలనుకుంటున్నా.

బారి_నుంచి_సౌమ్య

కోత జరిగిన ఏడాది సీసా మీద రాసి ఉందో లేదో చూడు తమ్ముడూ. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఆమ్లం 0.8 శాతం దాటకూడదు, 2 శాతం దాటినదాన్ని ఈ రోజుకీ దీపపు నూనె అనే వర్గంలోనే వేస్తారు, శుద్ధి చేయకుండా తినడానికి అమ్మకూడదు. మంచి కొత్త నూనె చేదుగా ఉండి గొంతులో మంట పుట్టిస్తుంది, పాడైందనుకోకు, అదే దాని బలం. కొల్లీనా ది బ్రిండిసి అనే గుర్తింపు ముద్ర ఉన్నది ఆ జిల్లాదే. సీసా కాదు, డబ్బా కొను, వెలుతురు తగిలితే నూనె చెడుతుంది. విమానంలో చెకిన్ సామానులో పెట్టాలి, చేతి సంచిలో చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు దాటనివ్వరు.

సంచారి77

అందరికీ చాలా థాంక్స్. నవంబరు మూడో వారానికి బ్రిండిసి టికెట్లు తీసుకున్నాను. ఓస్తుని దగ్గర మసేరియాకి మెయిల్ పెట్టాను, సౌమ్య చెప్పినట్టే రైతు అని రాశాను, ఆ రోజు గానుగ నడుస్తుంది, పొద్దున్నే వస్తే కోత కూడా చూడొచ్చు అని జవాబిచ్చారు. గల్లీపొలి విషయం నాన్నని ఫోన్లో అడిగాను, జబ్బు సంగతంతా చెప్పాను. అదీ చూద్దాం అన్నారు. అంటు ఏ నెలలో కడతారు, ఏ కత్తి వాడతారు అని ఆయన అడుగుతున్నారు, తెలిస్తే చెప్పమ్మా.

బారి_నుంచి_సౌమ్య

వసంతంలో అన్నా, చెట్టులో రసం పారడం మొదలయ్యాక, ఎక్కువగా ఏప్రిల్ ప్రాంతంలో. బెరడు మాను నుంచి తేలిగ్గా ఊడివచ్చే సమయం అది. నవంబరులో కట్టడం కనబడదు కానీ కట్టిన అంట్లు కనబడతాయి. కత్తి గురించి అక్కడి రైతునే అడగమనండి, పనిముట్లు ముందు పెట్టుకుని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు, నువ్వు అనువాదం చెయ్యి చాలు.